నాలుగో గిన్నె, ఐదో గిన్నె

ఆ రోజు పొద్దున సూర్యుడు తుమ్మచెట్ల పైకి వచ్చేసరికి చుట్టూ వెలుగు వలయంలా వరదగుడి కట్టి ఉంది. చంద్రుడికి కట్టడం అందరూ చూసేదే. సూర్యుడికి కట్టడం మాలకొండయ్య తన యాభై ఆరేళ్ళలో రెండుసార్లు చూశాడు. ఈసారి కట్టినది ఒకటి కాదు. ఒకదాని బయట ఒకటి, రెండు. మబ్బు తునక లేదు, గాలి లేదు. రెండు గుళ్ళ నడుమ ఆకాశం చాలాసార్లు ఉతికిన గుడ్డలా వెలిసిపోయి ఉంది.

వాకిట్లో వెంగమ్మ కోళ్ళగంప ఎత్తి గుడ్లు తీస్తోంది.

"చూడవయ్యా, మళ్ళా ఇంతింత లావు," అంది. "మొదట ఒక గుడ్డులో రెండు సొనలుంటే మురిసిపోయా. ఇప్పుడు ఏది పగలగొట్టినా రెండే. నాకు తినబుద్ధి గావట్లా."

మాలకొండయ్య ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, తిరిగి ఇచ్చేశాడు. అతను మాటలు తక్కువ మనిషి. చూసింది కడుపులో పెట్టుకుంటాడు.

పంచలో కూతురు చెంచులక్ష్మి గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుని ఉంది. తొలి కానుపు పుట్టింట్లో జరగాలని రెండు నెలల కిందట తీసుకొచ్చారు. నెలలు నిండుతున్నాయి. మడమలు నీరుపట్టి ఉన్నాయి.

"అన్నం ఏళకి వస్తావా నాయనా?" అంది.

"వస్తా."

"కాపలా పనికి ఇంత పొద్దున్నే ఎందుకు? క్వారీలో రాళ్ళు లేచి పారిపోతాయా?"

అతను కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు. కాపలా పని అనేది ఇంట్లో చెప్పిన మాట. మూడు నెలలుగా అతను చేస్తున్న పని వేరు.

పులిమెట్ట ఊరికి మైలు దూరంలో పాత నల్లరాయి క్వారీ ఉంది. రాయి అయిపోయి పదేళ్ళు గొయ్యి ఊరకే పడి ఉంటే, డాక్టర్ ఇందుమతి వచ్చి అందులో యంత్రం దింపింది. ఇనపరేకు చుట్టిన పెద్ద పీపా లాంటిది. దాన్ని రైసుమిల్లులో మాదిరి డీజిలు ఇంజను, బారు బెల్టు తిప్పుతాయి. కాగితాల మీద దాని పేరు ఏదైనా, అక్కడ అందరూ డోలు అనేవాళ్ళు. తిరుగుతున్నప్పుడు చెవికి వినపడదుగానీ పళ్ళ మొదళ్ళలో తెలుస్తుంది.

అది ఏం చేస్తుందో ఆమె మొదటి రోజే అతనికి చూపించింది. గాజుగ్లాసులో తెల్లటి నీళ్ళు పోసి ఎండలో పెట్టింది. సాయంత్రానికి అడుగున పొడి మిగిలింది.

"లక్ష గ్లాసులు ఎండబెడితే తొంభైతొమ్మిదివేల చిల్లర ఇలాగే పొడి అవుతాయి. ఒక్కదాంట్లో మాత్రం పటికబెల్లంలా పలుకు కడుతుంది. ఆ పలుకే మందు. నెత్తురు గడ్డకట్టని పిల్లలకు అది కావాలి," అంది. "డోలు దగ్గర లక్షలో ఒకటి పడేది వెయ్యిలో ఒకటి పడాలి. అదీ మన ప్రయత్నం." గ్లాసు కడుగుతూ, "మా తమ్ముడు ఆ జబ్బుతోనే పోయాడండి," అంది.

డోలు ఎంత పనిచేస్తోందో కొలవాలి. కొలిచే ఏ పరికరం పెట్టినా అదీ డోలు నీడలోనే ఉంటుంది, అది చెప్పేది నమ్మలేం. అందుకని పేకముక్కలు పెట్టారు. యాభై రెండు ముక్కల్లో ఏది ఎన్నిసార్లు పడాలో ముందే తెలుసు. ఐదేసి ముక్కలు ఒక చేయి. రోజుకు వెయ్యి చేతులు పంచి, ఏమేం పడ్డాయో లెక్కపెట్టాలి. డోలు ఆడించకముందు మూడు రోజులు ఇంజనీరు ఫరూక్ పంచాడు. మూడో రోజుకు అతని మణికట్లు వాచాయి. అప్పుడు క్వారీకి నిజంగానే కాపలాగా ఉన్న మాలకొండయ్య లోపలికి వచ్చి, కట్ట తీసుకుని, రెండుగా విరిచి, వేళ్ళ కొసలతో ఒకదాంట్లోకి ఒకటి జొరబెట్టాడు. పావురం రెక్క విదిల్చినట్టు చప్పుడైంది.

"పెద్దాయనా, ఇన్నాళ్ళు ఏ గొందిలో దాక్కున్నావు నువ్వు?" అన్నాడు ఫరూక్.

పదహారేళ్ళుగా దాక్కునే ఉన్నాడు. అంతకుముందు ఈ చుట్టుపక్కల తోపుల్లో, మోటరు షెడ్లలో మూడు ముక్కలాట ఎక్కడ సాగినా అతను ఉండేవాడు. కావాలనుకుంటే కట్ట అడుగున ఉన్న రాజును పైనున్నట్టు పంచగలడు. ఒకనాడు పట్టుబడ్డాడు. రక్తం కారే మొహంతో ఇంటికి వస్తే, వెంగమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆరేళ్ళ చెంచులక్ష్మిని తెచ్చి ఎదురుగా నిలబెట్టి, "దీని తల మీద చెయ్యిపెట్టి చెప్పు," అంది. పెట్టాడు. ఇక ముక్క ముట్టనన్నాడు. ఆ పసి తల వెచ్చదనం ఇప్పటికీ అతని అరచేతికి గుర్తుంది.

అందుకే ఇంట్లో చెప్పలేదు. ఇది జూదం కాదు, పందెం లేదు, ఎదుట ఆడేవాడు లేడు అని తనకు తాను చెప్పుకున్నాడు. అయినా కట్ట పట్టుకున్నప్పుడల్లా అరచేయి చల్లబడేది.

పని మాత్రం తేలికే. బల్ల మీద తొమ్మిది అల్యూమినియం గిన్నెలు, పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా. చేయి పంచి, చూసి, దానికి తగిన గిన్నెలో ఒక చింతపిక్క వెయ్యడం. మొదటిది అన్నిటికన్నా పెద్దది, ఒకే రంగులో ఐదు వరస ముక్కలు. రెండోది నాలుగు ఒకే ముక్కలు. మూడోది మూడు ఒక రకం, రెండు ఇంకో రకం. అట్లా దిగుతూ పోతే ఎనిమిదోది ఒక్క జత, తొమ్మిదోది ఏమీ లేనిది. ఇందుమతి కాగితం చూసి చదివింది.

"గిన్నెల మీద పేర్లు రాయనా?" అని అడిగింది కూడా.

"ఎందుకులేమ్మా. ఏది పెద్దదో నాకెరుకే," అన్నాడు.

మొదటి మెట్టు మీద డోలు తిప్పిన రోజు సాయంత్రం ఆమె గిన్నెలు లెక్కపెట్టి లేచి నిలబడింది. ఫరూక్ పంచినప్పుడు నాలుగో గిన్నెలో వెయ్యికి రెండు పిక్కలు, ఐదో గిన్నెలో నాలుగు ఉండేవి. ఇప్పుడు నాలుగో గిన్నెలో నాలుగు, ఐదో గిన్నెలో రెండు.

"తిరగబడింది," అంది. "ఒక్క మెట్టుకే అరుదైనది మామూలుదాన్ని దాటేసింది."

ఆ ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు. మెట్టు పెంచేకొద్దీ ఐదో గిన్నె నిండుతూ వచ్చింది. నాలుగుకు మూడు, నాలుగుకు నాలుగు, నాలుగుకు ఆరు. పెద్ద చేతులు ఎప్పుడోగాని పడవు కాబట్టి ఆమె ఈ రెండు గిన్నెల మీదే కన్నుపెట్టింది. డోలు పట్టు జారుతోందని, ఇంకో మెట్టు, ఇంకో మెట్టు పెంచుతూ పోయింది.

ఆ పొద్దున అతను వెళ్ళేసరికి ఆమె నిన్నటి లెక్క చూసుకుంటోంది. రాత్రి నిద్రలేని కళ్ళు.

"నాలుగో గిన్నె నాలుగు. ఐదోది ఎనిమిది. సరిగ్గా ఒకటికి రెండు. అంటే పూర్తిగా మామూలుకు వచ్చేశామండీ," అంది. "ఫరూక్, తొమ్మిదో మెట్టుకు పెట్టు."

"మేడం, తొమ్మిదే ఆఖరుది."

"తెలుసు. పెట్టు."

మాలకొండయ్య కూర్చుని కట్ట కలిపాడు. డోలు తిరిగే జిల పళ్ళలో అంతకుముందుకన్నా లోతుగా దిగింది. పంచసాగాడు. జత. ఏమీలేదు. జత. కలరు, ఐదూ ఇస్పేట్లే. ఏమీలేదు. పన్నెండో చేయి తిప్పితే నాలుగు రాజులు.

గబుక్కున బోర్లించాడు. నాలుగు ఒకే ముక్కలు నాలుగు రోజులకు ఒకసారి పడితే ఎక్కువ అని ఇందుమతే చెప్పింది. పది గంటలకు నాలుగు తొమ్మిదులు పడ్డాయి. పదకొండుకు మళ్ళీ నాలుగు రాజులు.

వేళ్ళ వంక చూసుకున్నాడు. అవి తన మాట వినడం లేదని అనిపించింది. పదహారేళ్ళు కట్టేసి ఉంచిన దొంగతనం తనకు తెలియకుండానే లేచి పనిచేస్తోందనిపించింది. ఒట్టు తప్పినందుకు శిక్షకు ఇది మొదలు అనుకున్నాడు. నెల రోజులుగా ఇట్లాగే పడుతున్నాయి, నెల రోజులుగా అతను ఆ చేతుల్ని ఎవరూ చూడకుండా కట్టలో కలిపేసి, పిక్క వెయ్యకుండా మళ్ళీ పంచుతున్నాడు. ఇప్పుడూ అదే చేశాడు. రెండో గిన్నె ఖాళీగా ఉండిపోయింది.

అన్నం వేళకు ఇంటికి వచ్చేసరికి పంచలో నర్సు సుశీలమ్మ కూర్చుని ఉంది. ఊళ్ళోని ఉపకేంద్రంలో ముప్పై ఏళ్ళుగా ఆమే కానుపులు చూస్తోంది. ముందు పెట్టిన మజ్జిగ తాగకుండా చెంబు వంకే చూస్తోంది.

"పోలమ్మ మనవడికి గుండె కుడిపక్కనుండాది," అంది వెంగమ్మ, గొంతు తగ్గించి. పోలమ్మ వెనక వీధి మనిషి, మూడు రోజుల కిందటే ఆమె కోడలు కన్నది. "ఒంగోలు తీసకపోయారు. గుండెకి చిల్లు కూడా ఉందంట."

"కుడిపక్క గుండె నా సర్వీసులో ఒక్కసారి చూశా," అంది సుశీలమ్మ. "ఈ నెల్లో మూడు. ఇంకో బిడ్డకి నెత్తురు ఎవరిదీ సరిపోని రకం. మేకలు చూస్తే అట్టా, పాములు చూస్తే అట్టా. మొన్న మా పెరట్లో రెండు తలల పాముపిల్ల. నీళ్ళల్లో ఏదో కలిసింది మాలకొండయ్యా. పైకి రాస్తే, ఇట్టాంటివి లక్షకొకటి పడతానే ఉంటాయి అని తిరగ్గొట్టారు."

లక్షకొకటి. ఆ మాట అతని చెవిలో ఇరుక్కుంది.

"మా అమ్మాయికీ..." అన్నాడు.

"ఇయ్యాల చూశా. బాగానే కొట్టుకుంటా ఉంది. పైనుంచి ఎంత తెలుస్తది? నెలలు నిండినాయి, కదిలించబాకండి. గతుకుల్లో ఆటోలెక్కించబాకండి."

ఆమె వెళ్ళిపోయింది. వెంగమ్మ కంచం పెట్టడానికి లోపలికి పోయింది. చెంచులక్ష్మి ఒక చేత్తో కడుపు నిమురుకుంటూ రెండో చేత్తో ఫోను తీసింది. భయమేస్తే ఆమె ఫోనులో ఆట ఆడుతుంది.

"పోయింది," అంది కాసేపటికి. "ఐదు ముక్కలు వరసగా పెట్టుకుని కూర్చున్నా. అయినా పోయింది."

అతను వంగి చూశాడు. తెర మీద పేకముక్కలు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

"ఎవరికి పోయింది?"

"ఇదుగో, వీడికి. కలరు."

"కలరుకి సీక్వెన్సెట్టా పోతది? సీక్వెన్సే గదా పెద్దది."

చెంచులక్ష్మి నవ్వింది. ఆ రోజు ఆ ఇంట్లో అదొక్కటే నవ్వు. "అది మీ మూడు ముక్కలాటలో నాయనా. ఐదు ముక్కల్లో కలరే పెద్దది."

"యాడన్నా పెద్దది పెద్దదేగా."

"అట్టా గాదు. మూడు ముక్కలనుకో. మూడూ ఇస్పేట్లే పడటం ఏమంత కష్టం? వరస పడటమే కష్టం. అదే ఐదు ముక్కలనుకో. నాలుగు ఇస్పేట్లొచ్చినాక ఐదోదీ ఇస్పేటే రావాల. రాదు. వరసైతే అటన్నా ఇటన్నా అతుక్కుంటది. ఐదింట్లో కలరు రెండుసార్లు పడేలోపు సీక్వెన్సు నాలుగుసార్లు పడతది." ఫోను కిందపెట్టింది. "ఎవరో పెద్దమనిషి కూర్చుని పెట్టిన కట్టుబాటు గాదు నాయనా. ఏది అరుదుగా పడుద్దో అదే పెద్దది. అంతే."

మాలకొండయ్య బల్ల మీది గిన్నెల వరస గుర్తుచేసుకున్నాడు.

నాలుగో గిన్నె కలరుది. ఐదో గిన్నె సీక్వెన్సుది. ఆమె కాగితం చూసి చదివినప్పుడు అట్లాగే చదివి ఉంటుంది. అతను తల ఊపాడు. చెవిన పడింది ఒకటి, చేతికి అలవాటైంది ఒకటి. మూడు నెలలుగా, రోజుకు వెయ్యి చేతులు, అతను సీక్వెన్సును నాలుగో గిన్నెలో వేస్తున్నాడు, కలరును ఐదో గిన్నెలో వేస్తున్నాడు.

వేళ్ళ మీద లెక్క తిరగేసుకున్నాడు. మొదటి రోజు నాలుగు సీక్వెన్సులు, రెండు కలర్లు. అంటే ఆ రోజు ఏమీ జరగలేదు. అది మామూలు. నిన్న నాలుగు సీక్వెన్సులు, ఎనిమిది కలర్లు. ఆమె మామూలుకు వచ్చిందనుకున్నదే అసలు తిరగబడటం. పట్టు జారిందని ఆమె పెంచిన ప్రతి మెట్టూ... పైగా తాను దాచిన నాలుగు రాజులు, నాలుగు తొమ్మిదులు. అవి తన వేళ్ళ దొంగతనం కావు.

వెంగమ్మ కంచం తెచ్చింది. అతను లేచి నిలబడి ఉన్నాడు.

"వెంగమ్మా. నేను ముక్కలు పట్టుకున్నా. మూణ్ణెల్ల నించి."

ఆమె కంచం కింద పెట్టలేదు, అతని మీద విసరలేదు. కళ్ళు మాత్రం కూతురి తల మీదికి పోయాయి. అక్కణ్ణించి కడుపు మీదికి.

"బిడ్డని కదిలించబాకు," అన్నాడు అతను. మూలన ఉన్న మూడు కొడవళ్ళూ తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో అప్పటికి అతనికీ తెలియదు. పరుగెత్తాడు.

ఎండలో రెండు గుళ్ళూ ఇంకా ఉన్నాయి. మూడోది సన్నగా మొదలవుతోంది.

గిన్నెలు మారిందీ, చేతులు దాచిందీ ఇందుమతి ముందు నిలబడి చెప్పడానికి అతనికి నాలుగు మాటలు పట్టాయి. ఆమె పుస్తకం తెరిచి, రెండు వరసల తలల మీద పేర్లు కొట్టేసి, అటుది ఇటు రాసింది. తర్వాత పేజీలు తిప్పుతూ పోయింది. తిప్పేకొద్దీ ఆమె చేతులు నెమ్మదించాయి.

"నాలుగు ఒకే ముక్కలు పడినవి ఎన్ని దాచారు?"

"రోజుకి మూడు. నాలుగు. ఇయ్యాల పొద్దుటికే మూడు."

"ఎందుకు చెప్పలేదండీ?"

"నా చేతులే చేస్తున్నాయనుకున్నా."

ఆమె అతన్ని తిట్టలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి బయటికి చూసి, ఆకాశం కేసి చూసి, "డోలు నీడ గొయ్యి దాటదనుకున్నాను," అంది. "ఊరిదాకా పోయిందనుకున్నా తప్పే. అంత పైకి పోయింది." తర్వాత గట్టిగా, "ఫరూక్, ఆపెయ్," అంది.

ఫరూక్ గట్టు మీదున్న ఇంజను మీట లాగాడు. మీట ఊడి చేతికి వచ్చింది.

అతను దాన్ని చూసి నవ్వబోయి ఆగిపోయాడు. డీజిలు గొట్టం మర తిప్పాడు. మర తిరుగుతూనే ఉంది, గొట్టం మూసుకోలేదు. లోపల మరచుట్టు అరిగిపోయి ఉంది. నిన్ననే కొత్తది వేశాడు. గొట్టమే లాగేద్దామని పట్టుకున్నాడు. బిగించిన ఇనపపట్టీ తుప్పుతో ఏకమై ఉంది.

"ఒకేసారి మూడూ ఎట్టా పోతాయి మేడం? ఇట్టా లక్షలో..." మాట మధ్యలో ఆపేశాడు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డోలు తిరుగుతోంది. దాని పక్కన, ఎప్పుడోగాని చెడనివన్నీ చెడుతున్నాయి. ఇంజను మాత్రం చెడటం లేదు.

"ఇది ఆగకుండా ఉండే దారి లక్షలో ఒకటున్నా అదే పడుతుంది," అంది ఇందుమతి. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఏం చేసినా పనిచెయ్యకపోవచ్చు."

మాలకొండయ్య గోతిలోకి దిగాడు. అతనికి అంత లెక్క తెలియదు. కట్ట సంగతి తెలుసు. ఎంత చెడ్డ కట్టయినా పంచుతూ కూర్చుంటే ఏదో ఒక చేయి పడుతుంది. లేచిపోయినవాడికే పడదు.

బెల్టు అతని నడుమెత్తున, అరచేయి వెడల్పున, పాములా పరుగెడుతోంది. కొడవలి వాదర దాని అంచుకు ఆనించి నొక్కాడు. రబ్బరు కాలిన వాసన వచ్చింది. కొడవలి మధ్యకు విరిగి, ముక్క అతని చెవి పక్కనుంచి పోయింది.

రెండోది తీసుకున్నాడు. పిడి చీలిపోయింది.

"పెద్దాయనా, చెయ్యి పోతది. ఇవతలికి రా," అని ఫరూక్ పైనుంచి అరుస్తున్నాడు.

"పంచుతా ఉండాల," అన్నాడు మాలకొండయ్య. అది ఫరూక్‌కు వినపడలేదు.

మూడో కొడవలి వెంగమ్మ గడ్డి కోసేది. వాదర అరిగి నెలవంకలా సన్నబడి ఉంది. నొక్కాడు. బెల్టు అంచు నుంచి పోగులు లేచాయి. చెంచులక్ష్మి తల గుర్తొచ్చింది. ఇంకా నొక్కాడు. ఫట్‌మని పేలినట్టయింది. తెగిన బెల్టు కొస తిరిగి వచ్చి అతని కుడిచేతిని కొట్టి పోయింది.

పళ్ళలో జిల ఆగిపోయింది. డోలు తనంత తాను ఇంకా తిరిగి, తిరిగి, మెల్లగా నిలబడింది. కింద దుమ్ములో అతని చూపుడువేలు, నడిమివేలు పడి ఉన్నాయి. వాటిని చూసి అతను మొదట అనుకున్నది నొప్పి గురించి కాదు. ఒట్టు బాకీ చెల్లిందా, అనుకున్నాడు.

పైకి తీసుకొచ్చేసరికి ఆకాశంలో ఏ గుడీ లేదు. ఉత్త ఎండ.

డోలు ఆగిన నాలుగో రోజు పోలమ్మ మనవడు ఒంగోలులో పోయాడు. మాలకొండయ్య కట్టుకట్టిన చేత్తో వాళ్ళ వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. చెప్పాలనే పోయాడు. పోలమ్మ అతన్ని చూసి, "చేతికి అంత దెబ్బ తగిలిందంటగా, నువ్వెందుకు లేచొచ్చావన్నా," అని మంచం వాల్చింది. అతను కూర్చోలేదు. చెప్పలేదు. తిరిగి వచ్చేశాడు. ఇందుమతి మాత్రం జరిగిందంతా రాసి, కింద సంతకం పెట్టి పైకి పంపింది. ఎవరో వచ్చి డోలును ముక్కలుగా విప్పి తీసుకుపోయారు.

డోలు ఆగిన తొమ్మిది రోజులకు చెంచులక్ష్మి ఆడపిల్లను కన్నది. సుశీలమ్మ ముందు గుండె విన్నది. ఎడమపక్క. వేళ్ళు లెక్కపెట్టింది. ఇరవై. మళ్ళీ గుండె విన్నది. "ఇప్పటికి బాగుంది," అంది. ఇప్పటికి అన్న మాటను వెంగమ్మ ఆమె వెళ్ళాక రెండుసార్లు తనలో తాను అనుకుంది.

పురుడు పోసి మూడు రోజులయ్యాక ఇందుమతి నడిచి వచ్చింది. చేతిసంచిలో తొమ్మిది గిన్నెలు, చింతపిక్కల డబ్బా, ఒక కొత్త పేకకట్ట. ఈసారి గిన్నెల మీద పేర్లు రాసి ఉన్నాయి, తెలుగులో, పెద్ద అక్షరాలతో.

"డోలు ఆగింది. ఊరు మామూలుకు వచ్చిందో లేదో తెలియదు," అంది గడప బయటే నిలబడి. "ఊళ్ళోనే పంచి చూడాలి. ఫరూక్ ఊరెళ్ళాడు. నేను కలిపితే ముక్కలు కలవవు. మిమ్మల్ని అడగడానికి నాకు..." మాలకొండయ్య చేతి వంక చూసి ఆపేసింది.

అతను ఎడమచేయి చాపాడు. కట్ట పట్టుకున్నాడు. మిగిలిన మూడు వేళ్ళతో రెండో సగం అందుకోబోతే ముక్కలన్నీ జారి పంచలో చెల్లాచెదరయ్యాయి.

వెంగమ్మ లోపలినుంచి చూస్తోంది. ఆ ఇంట్లోకి పదహారేళ్ళకు పేకముక్క రావడం అదే మొదటిసారి. ఆమె వచ్చి, వంగి, ఒక్కొక్కటే ఏరింది. గోడకున్న చేట తీసి ముక్కలన్నీ అందులో పోసింది. బియ్యంలో మట్టిగడ్డలు ఏరేముందు కలిపినట్టు రెండు చేతులా కలిపింది.

"ఎన్నేసి?" అంది.

"ఐదేసి," అన్నాడు అతను.

"కలరు పెద్దదా, వరస పెద్దదా?"

"ఐదింట్లో కలరు."

"ఎందుకు?"

"అది అరుదు గనక."

ఆమె చేట ముందేసుకుని కూర్చుంది. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి మూడు దాటేదాకా పంచింది. ఆమె పంచుతుంటే అతను చెప్పాడు, ఇందుమతి పిక్క వేసింది. చెంచులక్ష్మి ఉయ్యాల ఊపుతూ వాళ్ళ మొహాలు చూస్తూ ఉంది. నాలుగు ఒకే ముక్కలు ఒక్కసారీ పడలేదు. మధ్యలో ఒకసారి మూడు రాజులు, ఒక ఆరు పడి, ఐదో ముక్క తిప్పబోతూ వెంగమ్మ చెయ్యి ఆగిపోయింది. అందరూ ఆగారు. తిప్పింది. కళావరు రెండు, రాజు కాదు.

వెయ్యి అయ్యాయి. ఇందుమతి గిన్నెలు వంచి లెక్కపెట్టింది.

"కలరు మూడు. సీక్వెన్సు నాలుగు."

"రెండు గదా ఉండాల," అన్నాడు అతను.

"వెయ్యిలో మూడు కూడా పడొచ్చు. మామూలుగానే పడొచ్చు." ఆమె మూడో పిక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ ఉంది. "వెయ్యి చాలదు. రేపు మళ్ళీ పంచాలి. ఎల్లుండి కూడా."

వెంగమ్మ చేట పక్కన పెట్టి లేచింది. చేతులు కడుక్కుని, ఎవర్నీ అడగకుండా నాలుగు కంచాలు పెట్టింది. ఇందుమతి వెళ్తానని లేవబోతే, ఆమె వంక చూడకుండానే పీట జరిపింది. ఆమె కూర్చుంది.

కూతురికి పథ్యం కూడు, వెల్లుల్లి కారం, నెయ్యి. తక్కినవాళ్ళకు అన్నం, పప్పు. నడుమ గిన్నెలో ఉడికించి పొట్టు తీసిన గుడ్లు, నాలుగు. వెంగమ్మ, భర్త కంచంలో అన్నం కలిపి, ముద్ద అతని నోటికి అందించింది. పెళ్ళైన ముప్పై ఏళ్ళలో ఆమె ఎప్పుడూ అట్లా పెట్టలేదు. అతను నోరు తెరిచాడు.

ఆమె గుడ్డు తీసుకుని దారంతో రెండుగా కోసింది. ఒకటే సొన. భర్త కంచంలో వేసింది. ఇంకోటి కోసింది. ఒకటే. ఇందుమతి కంచంలో వేసింది. మూడోది కోసింది. ఒకటే. తన కంచంలో వేసుకుంది. వెనక వీధిలో పోలమ్మ ఇంటినుంచి ఏ చప్పుడూ రావడం లేదు. ఉయ్యాలలో బిడ్డ నిద్రలో పెదవులు చప్పరించింది. నలుగురూ చేతులాపి అటు చూశారు. బిడ్డ మళ్ళీ నిద్రపోయింది. నలుగురూ మళ్ళీ తిన్నారు.

నాలుగో గుడ్డు గిన్నెలోనే ఉంది. దాన్ని ఎవరూ కోయలేదు.